కథ అతనిది... హీరో మరొకరు!

సినిమా వేషం కోసం స్టూడియో గేటు దగ్గర పడిగాపులు కాసి, చివరికి హీరో అయిపోయిన వాళ్ళ కథలు మీరు బోలెడు చదివుంటారు. ఇది అందుకు పూర్తిగా రివర్సు! ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచి, దేశమంతా హీరో అనిపించుకున్న తర్వాత హాలీవుడ్ గుంపు సీన్లలో ఎక్స్‌ట్రాగా నిలబడిన మనిషి కథ. అంతటితో అయిపోలేదు. తర్వాత అదే హాలీవుడ్ అతని జీవితాన్ని సినిమాగా తీసింది. హీరో వేషం బర్ట్ లాంకాస్టర్‌ది!

అతని పేరు జిమ్ థోర్ప్. అమెరికన్ ఫుట్‌బాల్ తొలి రోజుల్లో అంతటి ఆటగాడు లేడంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట అనుకునేరు! కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తాలి. ఎదుటి జట్టు వాళ్ళు మీదపడి, పట్టుకుని, నేలకేసి కొడతారు. అలా పడకుండా అవతలి గీత దాటాలి. ఆ రోజుల్లో ఒంటి మీద రక్షణ కూడా అంతంతమాత్రమే. మెత్తటి తోలు టోపీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

థోర్ప్ పుట్టింది 1887లో, ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రంలో. మన సినిమా భాషలో రెడ్ ఇండియన్లు అంటాం చూడండి, ఆ ఆదివాసుల్లో సాక్ అండ్ ఫాక్స్ తెగ వాడు. తెగలో అతని పేరుకి వెలుగు దారి అని అర్థం. అతనికి కవల సోదరుడు ఉండేవాడు. తొమ్మిదేళ్ళ వయసులో జబ్బు చేసి ఆ పిల్లాడు పోయాడు. తర్వాత కొన్నేళ్ళకి తల్లి కూడా. 1904లో అతన్ని పెన్సిల్వేనియాలోని కార్లైల్ స్కూల్‌కి పంపారు. ఆదివాసీ పిల్లల్ని తెల్లవాళ్ళలా మార్చడానికి పెట్టిన బడి అది. చేరగానే జుట్టు కత్తిరిస్తారు, సొంత భాషలో మాట్లాడితే శిక్షిస్తారు.

అక్కడ జరిగిందని చెప్పుకునే ముచ్చట ఒకటుంది. 1907లో ఓ సాయంత్రం స్కూలు కుర్రాళ్ళు హైజంప్ ప్రాక్టీసు చేస్తున్నారు. అటుగా పోతున్న థోర్ప్ కాసేపు చూసి, పనిబట్టల మీదే వచ్చి, వాళ్ళెవరూ దాటలేకపోయిన 5 అడుగుల 9 అంగుళాల కర్రని అలవోకగా దాటేసి వెళ్ళిపోయాడట! సంగతి తెలిసిన కోచ్ పాప్ వార్నర్ మర్నాడే అతన్ని పిలిపించుకున్నాడు. ఈ వార్నర్‌ని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

1911లో ఆ చిన్న స్కూలు జట్టు హార్వర్డ్ యూనివర్సిటీని 18-15తో ఓడించింది. థోర్ప్ ఒక్కడే నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది సైనిక కాలేజీ వెస్ట్‌పాయింట్ జట్టుని వాళ్ళ సొంత మైదానంలోనే 27-6తో చిత్తు చేసింది. ఆదివాసీ పిల్లలు, ఎదురుగా సైనిక జట్టు! ఆ రోజు మైదానంలో వాళ్ళ వంతు ఏమనిపించి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఓడిన జట్టులో ఐసెన్‌హోవర్ అనే కుర్రాడు ఉన్నాడు. అవును, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఐసెన్‌హోవరే!

అదే 1912 వేసవిలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్. అయిదు అంశాల పెంటాథ్లాన్, పది అంశాల డెకాథ్లాన్, రెండింట్లోనూ బంగారం థోర్ప్‌దే. మధ్యలో ఎవరో బూట్లు కాజేస్తే, దొరికిన రెండు పొంతన లేని బూట్లు తొడుక్కుని పరుగెత్తాడు. ఒక కాలికి వదులైతే అదనంగా మేజోడు వేసుకున్నాడు. ఆ వేషంలో అతని ఫొటో ఇప్పటికీ ఉంది, చూసి తీరాలి. ప్రపంచంలో నీ అంతటి క్రీడాకారుడు లేడని స్వీడన్ రాజు గుస్టావ్ మెచ్చుకుంటే, థాంక్స్ రాజుగారూ అని చెప్పి చక్కా వచ్చాడని కథ.

ఆరు నెలలు తిరిగాయో లేదో పిడుగు పడింది. అతను 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో వారానికి కొద్ది డాలర్లు తీసుకుని చిన్న లీగుల్లో బేస్‌బాల్ ఆడాడని 1913 జనవరిలో ఓ పత్రిక బయటపెట్టింది. డబ్బు తీసుకుని ఆడినవాడు ఒలింపిక్స్‌కి పనికిరాడని అప్పటి రూలు. నిజానికి కాలేజీ కుర్రాళ్ళు చాలామంది వేసవుల్లో అలా ఆడేవాళ్ళు, కాకపోతే దొంగ పేర్లతో! థోర్ప్ సొంత పేరుతోనే ఆడాడు. అదీ అతని నేరం. అభ్యంతరం ఏదైనా ఉంటే 30 రోజుల్లోపు చెప్పాలని కూడా రూలు ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. పతకాలు లాక్కున్నారు, రికార్డుల్లోంచి పేరు కొట్టేశారు. డెకాథ్లాన్ బంగారం రెండో స్థానంలో వచ్చిన స్వీడన్ ఆటగాడు వీస్‌లాండర్‌కి వెళ్ళింది. న్యాయంగా గెలిచింది థోర్పే అని అతను చెబుతూనే ఉన్నాడు.

పతకాలు పోయాయిగానీ పేరు పోలేదు. ఆ పేరుని మాత్రం తలా ఒకరు వాడుకున్నారు. బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్ తీసుకుంది. 1915లో ఒహాయోలోని కాంటన్ బుల్‌డాగ్స్ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌కి 250 డాలర్లిచ్చింది. అప్పట్లో అది పెద్ద మొత్తం. అతని కోసమే జనం విరగబడి వచ్చేవారు. 1920లో అదే కాంటన్‌లో, ఓ కార్ల షోరూమ్‌లో కూర్చుని జట్ల యజమానులు కొత్త లీగ్ మొదలుపెట్టారు. తొలి ప్రెసిడెంట్ జిమ్ థోర్ప్! ఆఫీసు పనిలో అనుభవం చూసి కాదు, పేపర్లో పేరు పడుతుందని. ఏడాది తిరగ్గానే ఆ కుర్చీలో వేరొకరు కూర్చున్నారు. ఇప్పుడు కోట్లకు కోట్ల డాలర్లు ఆర్జించే ఎన్.ఎఫ్.ఎల్. ఆ లీగే.

తర్వాతది ఇంకా విచిత్రం. ఎయిర్‌డేల్ జాతి కుక్కల్ని అమ్మే వాల్టర్ లింగో అనే వ్యాపారి, తన కుక్కల ప్రచారానికి పూర్తిగా ఆదివాసీలతోనే ఓ ఫుట్‌బాల్ జట్టు పెట్టాడు. పేరు ఊరాంగ్ ఇండియన్స్. కెప్టెన్, కోచ్ థోర్పే. ఆట మధ్య విరామంలో మిగతా జట్లు కాళ్ళు చాపుకుంటే, వీళ్ళు కుక్కలతో విన్యాసాలు చేయాలి! రెండు సీజన్లు, 1922, 1923. అంతే, దుకాణం కట్టేశారు.

ఈలోగా, 1918లోనే మూడేళ్ళ పెద్ద కొడుకు చనిపోయాడు. కాపురం విరిగింది, తాగుడు పట్టుకుంది. 1928లో, 41వ ఏట చివరి ఆట ఆడాడు. 1931లో లాస్ ఏంజిలిస్‌లో గోతులు తవ్వే కూలిపని చేశాడు. మరుసటి ఏడు ఒలింపిక్స్ అదే ఊళ్ళో జరిగితే టిక్కెట్ కొనడానికి డబ్బుల్లేవు! ఆ మాట పేపర్లో పడి, ఆదివాసీ రక్తమున్న వైస్ ప్రెసిడెంట్ చార్లెస్ కర్టిస్ పిలిపించుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

చప్పట్లు కడుపు నింపవు కదా! హాలీవుడ్‌లో దొరికిన వేషమల్లా వేశాడు. 60కి పైగా సినిమాలు. కౌబాయ్ చిత్రాల్లో ఇండియన్ నాయకుడు, లేకపోతే గుంపులో ఒకడు. తెల్లవాళ్ళు మొహానికి రంగు పూసుకుని ఇండియన్లుగా వేస్తున్నారు, ఆ వేషాలు మావాళ్ళకే ఇవ్వండని స్టూడియోలతో పోట్లాడాడు. తన జీవిత కథ హక్కుల్ని 1931లో ఎం.జి.ఎం.కి 1,500 డాలర్లకు అమ్ముకున్నాడు.

ఆ కథ చివరికి వార్నర్ బ్రదర్స్ చేతికొచ్చి, 1951లో 'జిమ్ థోర్ప్ ఆల్ అమెరికన్'గా విడుదలైంది. డైరెక్టర్ 'కాసాబ్లాంకా' తీసిన మైకేల్ కర్టిజ్. థోర్ప్‌ని సలహాదారుగా పెట్టుకున్నారు. నేను రెండుసార్లు చూశాను. సర్కస్ నుంచి వచ్చిన లాంకాస్టర్ శరీరం భలే ఉంది, పరుగు కూడా నమ్మేలా ఉంది. కానీ తెల్లవాడే! నాకు మింగుడు పడనిది మాత్రం వేరే. కథంతా కోచ్ పాప్ వార్నర్ నోటితో నడుస్తుంది. తండ్రిలాంటి గురువుగా చూపించారు. నిజ జీవితంలో 1913లో గొడవ రాగానే, బేస్‌బాల్ సంగతి తనకేమీ తెలియదని తప్పుకున్న మనిషి ఆయన. తన ఆటగాడు రెండు వేసవులు ఎక్కడున్నాడో కోచ్‌కి తెలియదంటే నేను నమ్మను. సినిమాలో ఆ ఊసే లేదు.

సినిమా వచ్చిన రోజుల్లోనే థోర్ప్‌కి పెదవి క్యాన్సర్ ఆపరేషన్ అయింది, అదీ ధర్మ వైద్యం. అప్పటికి ఏడాది ముందే, 1950లో, ఆ అర్ధ శతాబ్దంలో ఇంతటి క్రీడాకారుడు లేడని అమెరికా పత్రికల వాళ్ళు ఓట్లేసి ఎన్నుకున్నారు! 1953 మార్చి 28న కాలిఫోర్నియాలో ఓ ట్రెయిలర్ ఇంట్లో పోయాడు. వెస్ట్‌పాయింట్‌లో ఓడిన ఐసెన్‌హోవర్ వైట్‌హౌస్‌లో అడుగుపెట్టి అప్పటికి రెండు నెలలు.

పోయాక కూడా వదల్లేదు. ఓక్లహోమాలో తెగ ఆచారం ప్రకారం కర్మ జరుగుతుండగా మూడో భార్య ప్యాట్రీషియా వచ్చి శవపేటిక తీసుకెళ్ళింది. పెన్సిల్వేనియాలో రెండు చిన్న ఊళ్ళు కలిసిపోయి, జిమ్ థోర్ప్ అని పేరు మార్చుకుని, 1954లో ఆ దేహాన్ని తీసుకున్నాయి. టూరిస్టులు వస్తారని ఆశ! మా తండ్రిని సొంత నేలకి పంపండని కొడుకులు కోర్టుకెక్కారు. 2014లో తీర్పు ఊరి పక్షానే వచ్చింది, 2015లో సుప్రీం కోర్టు వినడానికి కూడా ఒప్పుకోలేదు.

పతకాల సంగతి? 1983లో పిల్లల చేతికి నకళ్ళు ఇచ్చారు. అవి కూడా సహ విజేత అని. ఏకైక విజేత అని ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది 2022 జూలైలో. నూట పదేళ్ళు!

మీకు వీలైతే 1949లో వచ్చిన 'వైట్ హీట్' చూడండి. జేమ్స్ కాగ్నీ చిత్రం, తీసింది వార్నర్ బ్రదర్సే. జైలు సీన్లో కాగ్నీ ఒక్కడి మీదే కళ్ళు పెట్టకండి. ఆ ఖైదీల మధ్య భారీ భుజాలతో అరవై దాటిన మనిషొకడు ఉంటాడు. టైటిల్స్‌లో వెతక్కండి, పేరు వేయలేదు. రెండేళ్ళ తర్వాత అదే కంపెనీ ఆ పేరునే పోస్టర్ నిండా వేసింది.