నలుగురు నేస్తాలు... ఒక హార్మోనియం!

పాట నేర్చుకోవాలంటే గురువు కావాలి. కలిసి పాడుకోవాలంటే మాత్రం స్నేహితులుంటే చాలు. గోదావరి జిల్లాలకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు!

'సువర్ణసుందరి'లో ఘంటసాల, జిక్కి పాడిన రాగమాలిక గుర్తుందా? సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్... ఒక్క పాటలో నాలుగు రాగాలు. 1957లో తెలుగువాళ్లంతా పాడుకున్నారు. హిందీలో అదే బాణీని లతా మంగేష్కర్, రఫీ పాడితే దేశమంతా చెవులు రిక్కించింది. ఆ బాణీ కట్టిన ఆదినారాయణరావు సినిమాల్లోకి రాకముందు ఎక్కడుండేవారో తెలుసా? కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో!

నాటకాల మీద మోజున్న ఔత్సాహికుల సంఘం అది. ఎస్వీ రంగారావు, రేలంగి అక్కడ నటించినవాళ్లే. పెద్దాపురం అమ్మాయి అంజలీదేవి అక్కడే ముఖానికి రంగేసుకుంది. నాటకంలో ఆమెను చూసిన దర్శకుడు సి.పుల్లయ్య 'గొల్లభామ' (1947)లో అవకాశమిచ్చారు. ఆదినారాయణరావు, అంజలీదేవి దంపతులై, సొంత సంస్థ పెట్టి తీసిన సినిమానే 'సువర్ణసుందరి'. సరదాగా కలిసిన స్నేహం ఎంత దూరం వెళ్లిందో చూశారా!

టేపు తిరుగుతుంటే...

ఆ రోజుల్లో నాటకమంటే సగం సంగీతమే. పద్యం ఎత్తుకుంటే హార్మోనియం వెన్నంటాలి, తబలా అందుకోవాలి. కానీ వేదిక మీది పాట తెల్లారేసరికి గాలిలో కలిసిపోయేది. గ్రామఫోను రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. అదీ కంపెనీ పిలిస్తేనే. తర్వాత క్యాసెట్లొచ్చాయి. భజన బృందాలూ, ఊళ్లలోని ఆర్కెస్ట్రాలూ టేప్‌రికార్డరు ముందు కూర్చున్నాయి. చివరి చరణంలో తబలా తడబడిందా... పాట మళ్లీ మొదటి నుంచీ!

దుప్పట్ల స్టూడియో

ఇప్పుడా బాధ లేదు. హార్మోనియం ఒకసారి, తబలా ఒకసారి, గొంతు ఒకసారి... ఫోన్లోనే విడివిడిగా రికార్డు చేసి కలిపేయొచ్చు. కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. హార్మోనియం శ్రుతిని అప్పటికప్పుడు మార్చలేం. అందుకే ముందు గాయకుడికి నప్పే శ్రుతి ఎంచుకుని, సుత్తితో తబలాను దానికి సరిచేసుకోవాలి. గది ప్రతిధ్వనిస్తుంటే గోడలకు బొంతలు, మందపాటి దుప్పట్లు వేలాడదీయాలి. ఫ్యాను కట్టేయాలి. ఒక్క మైకే ఉంటే గాయకుణ్ని దగ్గరగా, తబలాను కాస్త దూరంగా కూర్చోబెట్టాలి. ఒక్కొక్కరూ విడిగా వాయించేటప్పుడు అందరి చెవిలోనూ ఒకే తాళం మోగుతుండాలి. లేదంటే ఎవరి పాట వారిదే!

అసలు చిక్కు వేరే ఉంది. చవితి పందిట్లోనో, ఊరి తీర్థంలోనో జట్టు కట్టిన కుర్రాళ్లలో కీబోర్డు వాయించేవాడికి హైదరాబాద్‌లో ఉద్యోగమొస్తుంది. పాడే అమ్మాయికి పెళ్లవుతుంది. తబలా అటకెక్కుతుంది. ఏడాది పాటు సాధన చేసిన పాట ఎక్కడా మిగలదు. 'రికార్డు చేద్దాంలే' అని వాయిదా వేసిన పాటలే ఎక్కువ.

సంక్రాంతికి అంతా ఊరొస్తారుగా. పిండివంటలు, పందేలు ఎటూ ఉండేవే. ఒక్క పూట అటక మీంచి తబలా దించండి. హార్మోనియం దుమ్ము దులపండి. స్వరం తప్పినా ఫరవాలేదు, ఫోను ఆన్ చేసి పాడండి. పదేళ్ల తర్వాత మీ పిల్లలు విని, 'ఇది నిజంగా నువ్వేనా నాన్నా?' అని అడుగుతారు!