కళ్లకు తిన్నని దారి.. కాళ్లకు వంకర దారి

గానుగెద్దు కళ్లకు గంతలు కట్టి గుండ్రంగా తిప్పడం మన పల్లెలకు కొత్త కాదు. వర్చువల్ రియాలిటీ పుణ్యమా అని ఆ తిప్పుడు ఇప్పుడు మనిషికీ వచ్చింది. గంతల బదులు కళ్లకు కంప్యూటర్ తెర తొడుగుతారు. లేని వీధి ఉన్నట్టే కనిపిస్తుంది.

చిక్కల్లా నడకతోనే. తెరలో వీధి మైలు పొడవున్నా, నిలబడిన గది నాలుగడుగులకే అయిపోతుంది. పోనీ నిలబడే మీట నొక్కి సాగుదామంటే కన్ను కదిలానంటుంది, లోచెవి కదల్లేదంటుంది. ఆ పేచీతో తల తిరిగి వాంతి వచ్చినట్టవుతుంది.

దీనికి 2001లో అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ఉపాయం చెప్పారు. నడిచే మనిషికి తెలియకుండా తెరలోని దృశ్యాన్ని కొద్దికొద్దిగా పక్కకు తిప్పుతారు. అతడు దారి సరిచేసుకుంటూ గుండ్రంగా తిరుగుతాడు. తిన్నగా పోతున్నాననే అనుకుంటాడు. అయితే ఈ మాయ బయటపడకుండా ఉండాలంటే వలయం వ్యాసార్థం కనీసం 22 మీటర్లుండాలని 2010లో జర్మనీ పరిశోధకులు లెక్క తేల్చారు. అంత జాగా ఏ ఇంట్లో ఉంటుంది?

2016లో టోక్యో విశ్వవిద్యాలయం వారు అరచేతి సాయం తీసుకున్నారు. వంపు గోడ కట్టి, తెరలో మాత్రం తిన్నని గోడ చూపారు. గోడను తడుముతూ నడిచినవారికి వంపు అంతగా తెలియరాలేదు. చిన్న జాగాలోనే అంతులేని నడవా సిద్ధమైంది. చెవుల వెనుక స్వల్ప విద్యుత్తు పంపి తూకం మార్చే ప్రయోగాలూ సాగుతున్నాయి.

పక్షవాతం వచ్చినవారికి నడక నేర్పడంలోనూ ఈ తెరలను వాడి చూస్తున్నారు. కనుక ఇది ఆటకే పరిమితం కాదు. ఇళ్లలో తొడిగేవారు మాత్రం ముందు బల్లలు, కుర్చీలు పక్కకు జరపడం మంచిది.