పేరు పాతది, పంట కొత్తది

ఉద్దానంలో జీడిపప్పు తగలని పెండ్లివిందు అరుదు. పూర్వపు విందులలోనూ అది ఉండేదని పలువురు భావిస్తారు. అది అపోహ. జీడిమామిడి జన్మభూమి బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దానిని మన దేశానికి తెచ్చారు. మిరపకాయ కూడ అమెరికా ఖండాలనుండి వారి ఓడలలో వచ్చినదే. 15వ శతాబ్దపు శ్రీనాథుడు మిరపకాయ రుచి ఎరుగడు; నాటి వంటకాలలో కారం మిరియాలదే.

ఈ అపోహకు పేర్లు కొంత కారణం. మిరియంవలె కారంగా ఉన్న కాయ మిరపకాయ అయింది. ఇక జీడి సంగతి. మన అడవులలో నల్లజీడి చెట్టు అనాదిగా ఉన్నది. ఆయుర్వేదం దానిని భల్లాతకి అంటుంది. బట్టలపై చెరగని గుర్తులు పెట్టడానికి రజకులు దాని రసాన్నే వాడేవారు. అది ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కొత్తగా వచ్చిన గింజ పెంకులోనూ అటువంటి జీడే ఉన్నందున ఆ పేరు దీనికీ సంక్రమించింది, మామిడి తోడైంది. వృక్షశాస్త్రం ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో చేర్చింది. పేరు పెట్టిన పల్లెవాసుల చూపు ఎంత నిశితమో!

పలాసలో పెంకు ఒలిచే స్త్రీల వేళ్లను ఆ జీడి నేటికీ కాలుస్తున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు తోటలను నేలకూల్చినపుడు, ఇది పరదేశపు చెట్టని ఏ రైతుకూ తోచలేదు.