మంత్రం పనిచేసిందా? లెక్క సరిగా చూడండి!

చేలో పాము కరిచింది. మనిషిని మంత్రగాడి దగ్గరకు మోసుకెళ్లారు. ఆయన వేపమండలు విదిలించి, మంత్రం వేసి, పసరు తాగించాడు. తెల్లవారేసరికి మనిషి లేచి కూర్చున్నాడు. ఇక మంత్రం పనిచేయలేదని మీరు అనగలరా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి మాట వినని వారు అరుదు. వేరుశనగ చేలు, రాళ్లగుట్టలు ఉన్న మెట్టసీమ ఇది. ఎలుకలున్న చోటికి పాములు రాక తప్పదు. ఆ కథ చెప్పేవారు అబద్ధమాడటం లేదు. మనిషి బతికిన మాట నిజమే. కాని బతికించింది మంత్రమేనా?

మన దేశంలోని పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషసర్పం కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. అందుకే కాటు తిన్నవారిలో చాలామంది ఏ మందూ లేకుండానే బతుకుతారు. పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకే రాల్చిందని అనుకోవడం వంటిదే ఇది. పెద్దలు దీనికే 'కాకతాళీయం' అని పేరు పెట్టారు.

పావురాల పూజ

1948లో అమెరికా శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఒక చిత్రాన్ని చూపించాడు. ఆకలిగా ఉన్న ఎనిమిది పావురాలను బోనుల్లో పెట్టి, అవి ఏం చేసినా చేయకపోయినా కొన్ని సెకన్లకొకసారి మేత అందేలా ఏర్పాటు చేశాడు. కొంతకాలానికి ఒకటి గుండ్రంగా తిరగసాగింది. ఇంకొకటి బోను మూలకేసి తల పొడవసాగింది. మేత వచ్చినప్పుడు తాము చేస్తున్న పనే మేతను తెచ్చిందన్నట్టు ఆరు పావురాలు ఇలా ఏదో ఒక తంతు పట్టుకున్నాయి!

చదువుకున్నవారు ఇలా పొరపడరనుకుంటున్నారా? 1963లో నార్వే శాస్త్రవేత్త యాన్ స్మెడ్‌స్లండ్ కొందరు నర్సులకు 100 మంది రోగుల వివరాలున్న కార్డులిచ్చి, ఒక లక్షణానికీ ఒక జబ్బుకూ సంబంధం ఉందేమో చూడమన్నాడు. నిజానికి సంబంధం లేదు. అయినా ఉందనే ఎక్కువమంది చెప్పారు. రెండూ కలిసి కనిపించిన 37 కార్డులే వారి మనసులో నిలిచాయి. మిగతా కార్డులను లెక్కలోకి తీసుకోలేదు.

మనమూ అంతే. మంత్రం వేయించుకుని బతికినవారిని లెక్కిస్తాం. మంత్రం వేయించుకునీ చనిపోయినవారు, వేయించుకోకుండానే బతికినవారు మనకు గుర్తురారు. బతికినవాడు పది ఊళ్లలో చెబుతాడు. పోయినవాడు వచ్చి చెప్పలేడు కదా!

ఈ పొరపాటు ఖరీదు ప్రాణం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని పరిశోధకుల అంచనా. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మీరు చేయవలసినవి

1. కరిచిన వ్యక్తికి ధైర్యం చెప్పండి. నడవనివ్వకండి. కరిచిన కాలు లేక చేయి కదలకుండా బద్ద కట్టండి.

2. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలతాడు వెంటనే తీసేయండి.

3. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. పసరు తాగించవద్దు.

4. 108కు ఫోన్ చేయండి, లేదా దొరికిన వాహనంలో ప్రభుత్వాసుపత్రికి తరలించండి. పామును పట్టి తేనక్కరలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే.

5. నొప్పి, వాపు లేవని ఊరుకోకండి. కట్లపాము కాటు తెలియకపోవచ్చు. తర్వాత రెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆడదు.

ఇంట్లో పెద్దవారికి మంత్రం మీద గురి ఉంటే వాదనకు దిగి కాలయాపన చేయకండి. ఆ మంత్రమేదో ఆసుపత్రికి వెళ్లే బండిలోనే చదవమనండి. బండిని మాత్రం ఆపకండి.