చలిలో బయటపడిన లోపము

బొగ్గుపొయ్యి వెలిగించినవారికి ఒక సంగతి తెలియును: పెద్ద బొగ్గుగడ్డ త్వరగా అంటుకొనదు. గోదావరిఖనికి దాపుననే ఉన్న రామగుండము విద్యుత్కేంద్రములో సింగరేణి బొగ్గును మెత్తని పొడిగా నూరి, గాలితో కలిపి కొలిమిలోనికి ఊదుదురు. ఆ పొడి క్షణములో మండిపోవును. ఇంధనము ఎంత సూక్ష్మముగా విడిపోయి గాలితో కలిసిన, అంత చక్కగా మండును.

కారులోని పెట్రోలునకు కూడ ఈ నియమమే వర్తించును. అయితే పెట్రోలు ద్రవము. దానిని నూరుటకు వీలులేదు. కావున సన్నని తుంపరగా చిమ్ముదురు. ఆ తుంపర ఆవిరిగా మారి గాలితో కలియవలెను. ఆవిరిగా మారుటకు వేడి అవసరము.

ఆ వేడి చాలనప్పుడు ఏమి జరుగునో 2018లో చైనాలో వెల్లడి అయినది. డాంగ్‌ఫెంగ్ హోండా కంపెనీ తయారుచేసిన సీఆర్‌వీ కార్లు కొన్నింటిలో, చలి తీవ్రముగా ఉండు ఉత్తర ప్రాంతములందు, ఇంజను ఆయిలు మట్టము తగ్గుటకు మారుగా పెరుగుచున్నట్లు యజమానులు గమనించిరి. కారులో పెట్రోలు వాసన వచ్చుచున్నదని కూడ ఫిర్యాదులు వచ్చినవి.

ఆయిలు తనంతట తాను ఎట్లు పెరుగును? పెరిగినది ఆయిలు కాదు. దానిలో చేరిన పెట్రోలు. ఆ కార్లలో పెట్రోలును నేరుగా సిలిండరులోనికి చిమ్ము చిన్న టర్బో ఇంజను కలదు. గడ్డకట్టించు చలిలో సిలిండరు గోడలు చల్లగా ఉండును. చిమ్మిన తుంపరలో కొంత ఆవిరి కాక గోడలకు అంటుకొని, పిస్టను రింగుల సందులనుండి క్రిందికి జారి ఆయిలులో కలియును. ఇంజను బాగుగా వేడెక్కిన, ఆ పెట్రోలు తిరిగి ఆవిరియై గాలితోపాటు సిలిండరులోనికి పోయి మండిపోవును. కాని చలిదేశములో నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే నడిపి ఆపివేసిన, ఇంజను వేడెక్కు వ్యవధియే ఉండదు. ఈ విధముగా ప్రతిదినమును కొంచెము కొంచెముగా పెట్రోలు చేరుచుండును.

చిక్కని నూనెలో పలుచని నూనె కలిపిన పలుచబడును గదా! పెట్రోలు కలిసిన ఇంజను ఆయిలు కూడ అట్లే పలుచనగును. లోహభాగముల మధ్య నిలువవలసిన ఆయిలు పొర బలహీనమై, అవి ఒకదానితో నొకటి రాపిడి చెంది అరిగిపోవు ప్రమాదము కలదు.

2018 ఫిబ్రవరిలో ఆ కంపెనీ సుమారు మూడున్నర లక్షల కార్లను వెనుకకు పిలిపించి సరిచేయుటకు ప్రతిపాదించినది. దీనినే 'రీకాల్' అందురు. ఆ ఏర్పాటు చాలదని చైనా నాణ్యతాధికారులు తిరస్కరించిరి. మార్చిలో కొత్త సీఆర్‌వీల అమ్మకము నిలిచిపోయినది.

ఇందులో గమనింపదగిన సూత్రమొకటి కలదు. చలి ఆ లోపమును సృష్టింపలేదు, బయటపెట్టినది. లోపము ఇంజను రూపకల్పనలోనే ఉన్నది. వేసవిలో 45 డిగ్రీలు దాటు రామగుండమువంటి చోట అట్టి ఇంజను ఏండ్ల తరబడి నిక్షేపముగా నడచినట్లే కనిపించవచ్చును. అంతమాత్రమున అది నిర్దోషమని చెప్పరాదు. నేడు ఇచ్చట తిరుగు కారు రేపు అమ్ముడుపోయి లడఖ్ చేరవచ్చును. అందువలననే రీకాల్‌కు వాహనపు చాసిస్ నంబరు ఆధారమగును.

మన దేశములో 2012 నుండి కార్ల కంపెనీలు స్వచ్ఛందముగా రీకాల్ పద్ధతిని పాటించినవి. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ ద్వారా 110-ఏ సెక్షను చేరినది. ప్రమాదకరమైన లోపమున్న వాహనములను వెనుకకు పిలిపించుమని తయారీదారుని ఆదేశించు అధికారము దీనివలన కేంద్ర ప్రభుత్వమునకు లభించినది. 2021 ఏప్రిల్ 1 నుండి ఇందుకు సంబంధించిన నియమములు అమలులోనికి వచ్చినవి.

కావున రీకాల్ ఉత్తరము వచ్చినప్పుడు "మన కారు బాగుగానే నడచుచున్నది" అని దానిని ప్రక్కన పెట్టరాదు. అట్లే ఆయిలు కొలకడ్డీని తీసి చూచినప్పుడు మట్టము తగ్గినదా అని మాత్రమే కాక, అకారణముగా పెరిగినదా అని కూడ పరిశీలింపవలెను. పెరిగినచో సంతోషింపక, వెంటనే మెకానిక్కునకు చూపవలెను.