మన ఇంటి కరెంటును ఒకసారి చూసుకుందాం

మన ఊళ్లలో చాలా ఇళ్లకు కరెంటు ఒక్క బల్బుతోనే వచ్చింది. 1988-89లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన కుటీర జ్యోతి పథకం కింద దళిత, గిరిజన, పేద కుటుంబాలకు ఇచ్చింది సింగిల్ పాయింట్ కనెక్షన్. అంటే ఒక సర్వీస్ వైరు, ఒక హోల్డరు, ఒక బల్బు. 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు పావు ఆంపియరు కంటే కాస్త ఎక్కువ. ఆ పనికి ఆ వైరు సరిపోయింది. తర్వాత అదే వైరుకు ఫ్యాను వచ్చింది, టీవీ వచ్చింది, కూలరు, ఫ్రిజ్ వచ్చాయి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడే అర్హులైన కుటుంబాలకు బిల్లు కూడా లేదు. సంతోషమే. కాని బిల్లు సున్నా అయినంత మాత్రాన గోడ మీది వైరు లావు కాదు కదా!

మేడారం చుట్టుపక్కల ఇళ్ల సంగతి ఇంకా వేరు. పాత వరంగల్ నుంచి వచ్చి 2019 నుంచి ములుగు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం వరుసగా దెబ్బలు తిన్నది. 2023 జూలై చివరలో జంపన్నవాగు పొంగి మేడారంలోకి నీళ్లు వచ్చాయి. ఆ వానల్లోనే ఇదే జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. 2024 సెప్టెంబరు 4న ఇక్కడే 5.3 తీవ్రతతో భూమి కంపించింది. నీళ్లు నిలిచిన గోడ పైకి ఆరినట్టే ఉంటుంది. బోర్డు విప్పి చూస్తే స్క్రూలకు తుప్పు, జాయింట్ల దగ్గర పచ్చటి చిలుము కనిపిస్తాయి. దీనికి తోడు రెండేళ్లకోసారి జాతర. భక్తులకు జాగా కిరాయికిచ్చి, ఇంటి బోర్డు నుంచే బయటికి బల్బులు లాగుతారు. జాతర అయ్యాక భక్తులు వెళ్లిపోతారు, ఆ వైరు ముక్క మాత్రం చూరుకే వేలాడుతూ ఉంటుంది.

మన హాస్టల్‌లోనే చదివి ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ చేసిన ఒక అన్నతో కలిసి సెలవుల్లో మేము కొన్ని పాత ఇళ్లు చూశాం. తనిఖీ ఎప్పుడూ బయటి నుంచే మొదలుపెట్టాలని అన్న చెప్పాడు. స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు రేకుల అంచుకు తగులుతోందా? గాలికి ఊగి ఊగి పైతొడుగు అరిగితే కప్పు మొత్తానికి కరెంటు వస్తుంది. ఆ రేకుల కింది ఇనుప గొట్టానికే బట్టల దండెం కడతారు, అదీ జీఐ తీగతో. తడి బట్ట, తడి చెయ్యి, తడి నేల. వానాకాలంలో మనం పేపర్లో చదివే చావులు చాలావరకు ఇట్లాంటివే. దండేనికి నైలాన్ తాడు వాడి, దాన్ని విడిగా రెండు కర్రలకు కట్టుకుంటే ఖర్చు పెద్దగా ఉండదు.

"ఫ్యూజు ఉంది కదా, కొట్టేస్తుందిలే" అని చాలామంది అన్నారు. ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర ఒంట్లోంచి పోయేది 0.23 ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో ఏడో వంతు కూడా చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు ఇది లెక్కలోకే రాదు. ఫ్యూజు కాపాడేది వైరును. పైగా మాటిమాటికి పోతోందని ఫ్యూజు తీగ బదులు రాగి పోగులు మెలిపెట్టి చుడుతున్నారు. అప్పుడు వైరుకు కూడా రక్షణ పోయినట్టే. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రాకపోతే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి.

ఒక ఇంట్లో అవ్వ ఫ్రిజ్ తలుపును కొంగుతో పట్టుకుని తీస్తోంది. ఎందుకవ్వా అంటే, "జిమ్మంటది బిడ్డా, అలవాటైంది" అన్నది. త్రీపిన్ ప్లగ్గు ఉంది గానీ సాకెట్లో మూడో రంధ్రానికి వైరే లేదు. ఎర్తింగ్ లేని ఇళ్లలో మాకు ఎక్కువగా కనిపించింది ఇదే. ఇంకో ఇంట్లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపారు. ఇది మరీ ప్రమాదం. బయట ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఫ్రిజ్ డొక్కు మొత్తానికి ఫేస్ వస్తుంది. ఇంటికి విడిగా గుంత తీసి, జీఐ పైపు దించి, బొగ్గు, ఉప్పు పోసి ఎర్తింగ్ చేయించాలి. ఎండాకాలం అందులో నీళ్లు పోస్తూ ఉండాలి.

స్విచ్ ఆపాక కూడా హోల్డరులో టెస్టరు వెలిగితే స్విచ్ న్యూట్రల్‌లో వేశారన్నమాట. అట్లాంటి చోట స్విచ్ ఆపి బల్బు మార్చినా షాక్ కొడుతుంది. టెస్టరు ఫేస్ ఉందని చెబుతుందే గానీ ఎర్తింగ్ బాగుందని చెప్పదు. దానికి ఎలక్ట్రీషియనే కావాలి. వైరు తొడుగుల సత్తా చూసే మెగ్గర్ కూడా ఆయన దగ్గరే ఉంటుంది. మనం కళ్లతో, ముక్కుతో చూడగలిగినవి వేరే ఉన్నాయి: వేడెక్కే స్విచ్చు, నల్లబడ్డ ప్లగ్గు, కాలిన వాసన, ఎలుకలు కొరికిన వైరు, టేపు చుట్టిన అతుకులు.

హాస్టళ్లలో చదివినవాళ్లకు హీటరు రాడ్డు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. దాన్ని లైటు బోర్డులోని 5 ఆంపియర్ల సాకెట్లో, అదీ ప్లగ్గు లేకుండా వైర్లు దోపి, అగ్గిపుల్లలు కుక్కి పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. నీళ్లు కాగాయా అని వేలు పెట్టి చూసే ముందు స్విచ్ ఆపండి, ప్లగ్గు కూడా పీకండి తమ్ముళ్లూ.

ఎవరికైనా షాక్ తగిలితే మెయిన్ ఆపకుండా ముట్టుకోవద్దు. మెయిన్ దూరమైతే ఎండు కర్రతో వైరును తప్పించాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టాలి.

మీటరు దాటాక ఇంటి లోపలి వైరింగ్ మన బాధ్యత. స్తంభం మీద గానీ మీటరు ముందు వైరులో గానీ తేడా కనిపిస్తే 1912కి ఫోన్ చేయండి, లేదా లైన్‌మన్‌ను పిలవండి. జాతర వైరు ముక్కలు తీసేయడానికి మాత్రం ఎవరినీ పిలవనక్కర్లేదు. మెయిన్ ఆపి, బోర్డు దగ్గర టెస్టరు పెట్టి చూసి, ఇంట్లో పెద్దవాళ్ల చేత విప్పించండి.