బంతిని త్రిప్పిన ఎడమచేయి

కడప జిల్లా యనగానే నాపరాళ్ళ గనులును, వానకై ఎదురుచూచు వేరుసెనగ చేలును, వేసవిలో ఇసుక తేలు ఏఱులును మనకు జ్ఞప్తికి వచ్చును. ఇట్టి మెట్టసీమనుండి ఒక బాలిక బయలుదేఱి, ఇరువదియొకటవ యేటనే ప్రపంచవిజేతల సరసను నిలిచినది. ఆమెయే కుమారి నల్లపురెడ్డి శ్రీచరణి. ఆమె యెట్లు పైకి వచ్చెనో, అందు మనము నేర్వదగిన దేమో మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

శ్రీచరణి 2004వ సంవత్సరము ఆగష్టు 4వ తేదీన జన్మించెను. వీరపునాయునిపల్లె మండలములోని ఎఱ్ఱమల్లె ఆమె స్వగ్రామము. తండ్రి రాయలసీమ ఉష్ణవిద్యుత్కేంద్రమున ఒక సామాన్యోద్యోగి. మేనమామకు క్రికెట్టుపై మక్కువ మెండు. చిన్ననాట ఆయనతో గూడి ఆడుటయే ఆమెకు తొలిపాఠము. పాఠశాలలో నున్నప్పుడు పరుగుపందెములు, ఖోఖో, బాడ్మింటను మున్నగువానియందే ఆమె శ్రద్ధ. క్రికెట్టును పట్టుదలతో సాధన చేయుట పదునాఱేండ్ల ప్రాయమున గాని ఆరంభింపలేదు.

కుమార్తె క్రికెట్టు ఆడెదననగా తండ్రి వెంటనే సమ్మతింపలేదు. పరుగుపందెములే మేలని ఆయన తలపు. ఇందులకు ఆయనను తప్పుపట్టుట న్యాయము గాదు. పరుగెత్తుటకు ఒక జత బూట్లు చాలును. క్రికెట్టునకు బ్యాటు, ప్యాడ్లు, చేతితొడుగులు, తోలుబంతులు, వలలు గట్టిన సాధనస్థలము, ఊరూర తిరుగుటకు వ్యయము, ఇన్ని కావలెను. చిన్న జీతముపై నడచు సంసారమున అది తేలికమాట గాదు. కొంతకాలమునకు ఆయన మనసు మాఱెను. ఆ సమ్మతియే ఆమెకు లభించిన మొదటి గెలుపని మా యభిప్రాయము.

ఆమె తొలుత వేగముగా బంతి విసరుచుండెను. కాని వికెట్లు దొరకలేదు. అప్పుడామె ఆటను విడువక, తన పద్ధతిని విడిచి, బంతిని త్రిప్పి వేయు స్పిన్ను నభ్యసింపసాగెను. వికెట్లు చేజిక్కెను. ఈ మార్పు ఎట్టిదో ఒకింత వివరింతుము. బొంగరమాడిన బాలురకు తిరుగుటలోని బలము తెలియును. స్పిన్ను వేయువారు వ్రేళ్ళను బంతి కుట్టుపై బిగించి, విడుచునప్పుడు గట్టిగా త్రిప్పుదురు. బంతి ఆటగాని కంటికి ఎత్తుగా లేచి, అతడు తలచినదానికంటె ముందే క్రిందికి దిగును. నేలను తాకి ప్రక్కకు తిరుగును. ఎడమచేతితో ఇట్లు వేసిన బంతి కుడిచేతి ఆటగాని కాళ్ళవైపునుండి ఆవలికి తొలగిపోవును. నడుమ నడుమ ఒక బంతి తిరుగక తిన్నగా వచ్చును. ఏది తిరుగునో, ఏది తిరుగదో ఆటగానికి తెలియరాదు. కావున ఈ విద్యకు కండబలముకంటె ఓర్పును, గుఱియు ముఖ్యములు.

2024 డిసెంబరులో మహిళల ప్రీమియర్ లీగు వేలమున ఢిల్లీ జట్టువారు ఆమెను 55 లక్షల రూపాయలకు తీసికొనిరి. 2025 ఏప్రిల్ 27వ తేదీన కొలంబో నగరమున ఆమె మొదటిసారిగా భారతదేశము పక్షమున ఆడెను. జూన్ 28వ తేదీన ఇంగ్లాండులోని నాటింగ్‌హామునందు తన తొలి ఇరువది ఓవర్ల అంతర్జాతీయ పోటీలో 12 పరుగులు మాత్రమే యిచ్చి 4 వికెట్లు పడగొట్టెను. ఆ వరుసలోని అయిదు ఆటలలో 10 వికెట్లు తీసి, ఉత్తమ క్రీడాకారిణిగా బహుమానమందెను.

పిమ్మట ప్రపంచకప్పు పోటీలు జరిగెను. అందు మన జట్టు వరుసగా మూడాటలలో ఓడినది. ఆ మూడింటిలో ఒకటి అక్టోబరు 12వ తేదీన మన విశాఖపట్టణముననే జరిగెను. మనవారు 330 పరుగులు చేసినను, ఆస్ట్రేలియావారు 49 ఓవర్లలోనే దానిని దాటిరి. వారు ఓవరునకు ఏడింటికి చేరువగా పరుగులు తీయుచున్న ఆ దినమున శ్రీచరణి తన 10 ఓవర్లలో 41 పరుగులే యిచ్చి 3 వికెట్లు తీసెను. ఓటమిలో ఒకరి మంచిపని లోకము కంటబడదు. అయినను ఆమె గుఱి తప్పలేదు. అక్టోబరు 30వ తేదీన సెమీఫైనలులో అదే ఆస్ట్రేలియా 338 పరుగులు చేయగా, ఆమె 10 ఓవర్లలో 49 మాత్రమే యిచ్చి 2 వికెట్లు తీసెను. ఈసారి గెలుపు మనదయ్యెను. నవంబరు 2వ తేదీన నవీముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి, భారత మహిళలు మొదటిసారి ప్రపంచకప్పును గైకొనిరి. తొమ్మిది ఆటలలో శ్రీచరణి తీసిన వికెట్లు 14.

ఈ త్రోవలో మన సీమనుండి నడచినది ఆమె యొక్కతెయే గాదు. కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన అంజలి శర్వాణి, ఎడమచేతితో వేగముగా బంతి విసరునామె, 2022 డిసెంబరు 9వ తేదీన అదే నవీముంబయి మైదానమున భారతజట్టులో అడుగిడెను.

విజయానంతరము రాష్ట్రప్రభుత్వమువారు శ్రీచరణికి రెండున్నరకోట్ల రూపాయలను, కడపలో ఇంటిస్థలమును, గ్రూపు-1 ఉద్యోగమును ప్రకటించిరి. తల్లిదండ్రులారా! తండ్రి సమ్మతించిన నాడు వీనిలో ఒక్కటియు కనబడలేదు. కనబడినది బిడ్డ పట్టుదల మాత్రమే. ఆడిన ప్రతిబాలికకును ఇట్టి ఫలము చేకూరునని మేము చెప్పజాలము. కాని సాయంకాలము మైదానమునకు పోవుటకు అనుమతి దొరకని బాలికలో ఏ శక్తి దాగియున్నదో ఎవ్వరికిని తెలియదు గదా!

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో ఒక లెక్క రానివారును, ఒక పరుగులో వెనుకబడినవారును ఉందురు. మొదటి పద్ధతి ఫలింపనిచో పనిని విడువక, పద్ధతిని మార్చి చూడుడు. ఎఱ్ఱమల్లె బాలిక చేసినది అదియే.